కారణం గడిలో చుక్క

"అయిదింటికి ఈవిడని స్టేషన్‌కి తీసుకెళ్తున్నాను. అంతవరకూ మీ ముచ్చట మీరు తీర్చుకోండి, డిపో మేడం" అన్నాడు ఇన్‌స్పెక్టర్, స్టీలు బాటిల్ మూత తిప్పుతూ.

గోడ గడియారంలో మూడూ ఇరవై. నాకున్నది గంటా నలభై నిమిషాలు.

నన్ను డిపో మేడం అనడం అతనికి సరదా. బస్సు డిపోలో ఇరవై రెండేళ్లు టైమ్ కీపర్‌గా చేసి, ఆ తర్వాత ఈ డిటెక్టివ్ పనిలోకి వచ్చాను. అతను ముగించేశానని చేతులు దులుపుకున్న కేసుల్ని రెండుసార్లు తిరగదోడాను. ఆ కసి ఇలా పిలిచి తీర్చుకుంటాడు. మా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ అని చెప్పనక్కర్లేదు.

మేమున్నది భూగర్భ జలాల పరిశోధన సంస్థలో, విభాగానికి అధిపతి అయిన పెద్ద సార్ గదిలో. కిటికీ పక్కన తలవంచుకుని నిలబడ్డ ఆవిడే నా కేసు. ఇక్కడందరూ ఆమెను లింకులమ్మ అంటారు. కొలిచిన అంకెల్ని బీరువాలో దాచుకోకుండా ఎవరైనా చూసేలా వెబ్‌సైట్‌లో పెట్టడం, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచకపోవడం పరిశోధకులకి నేర్పడం ఆమె ఉద్యోగం. కనిపించిన ప్రతివాళ్లనీ "లింకు పెట్టారా సార్?" అని అడిగీ అడిగీ ఆ పేరు తెచ్చుకుంది. ఏడు నెలలు కాళ్లరిగేలా తిరిగితే నలభై ఒక్కమందిలో ముగ్గురు ఒప్పుకున్నారు. పైనుంచి ఒత్తిడి వచ్చి ఒప్పుకున్న వాళ్లలో పెద్ద సార్ ఒకరు.

ఆయన ఫిర్యాదు టైపు చేసి ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టారు. ఊళ్లోని నూట ఎనభై బోర్లలో ఆర్సెనిక్ ఎంతుందో కొలిచిన పట్టిక నిన్న, మంగళవారం ఉదయం పదకొండూ నలభైకి వెబ్‌సైట్ నుంచి మాయమైంది. తుడిచింది లింకులమ్మ లాగిన్. ఆ కొలతలు చేత్తో రాసుకున్న అసలు నోటుబుక్కు కూడా నిన్నటినుంచి కనిపించడం లేదు.

"ఎక్కించేటప్పుడు తప్పులు చేసింది. బయటపడుతుందని రెండూ మాయం చేసింది. నా ఏడాది కష్టం" అన్నారు పెద్ద సార్, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

"ఆర్సెనిక్ అంటే విషమే కదా సార్?"

"లీటరుకి పది మైక్రోగ్రాముల లోపైతే తాగొచ్చు. దాటితే వద్దు. మా రిపోర్టు చూసే మున్సిపాలిటీ బోర్లకి రంగులేసింది. నీలం మంచిది, ఎరుపు చెడ్డది."

"మా కాలనీది నీలం" అన్నాడు ఇన్‌స్పెక్టర్ గొప్పగా. "ఇరవై మూడో నంబరు బోరు. ఎనిమిది నెలలుగా ఇంట్లో ఇంకో చుక్క ముట్టం. మా పది నెలల మనవరాలికి పాలపొడి కూడా దీంట్లోనే కలుపుతాం. తాగండి సార్, గొంతు ఆరిపోయినట్టుంది."

బాటిల్ ముందుకు తోశాడు. పెద్ద సార్ దాని వంక చూసి, వెంటనే కిటికీ వంక చూశారు. "వద్దండీ. ఇప్పుడే తాగాను."

ఆయన బల్ల పక్కన కొత్త నీళ్ల క్యాను ఉంది, బజార్లో కొన్నది. మూతకి చించిన సీలు ఇంకా వేలాడుతోంది. పక్కన గ్లాసు లేదు. నా డైరీలో ఆ ముక్క రాసుకున్నాను, ఎందుకు రాశానో అప్పటికి నాకే తెలియదు.

*

లింకులమ్మకి ఇచ్చిన గది అంతకుముందు విరిగిన కుర్చీలు పెట్టే కొట్టు. రెండు కుర్చీలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఒకదాని మీద ఆమె అత్తగారు కూర్చుని ఉంది. నన్ను పెట్టుకున్నది ఈవిడే. రిటైరైన లెక్కల టీచరు.

"నా కోడలు చెంచా తీసినా తీసిన చోటే పెడుతుందమ్మా" అంది, ఆ ఉదయం నుంచి ఆరోసారి. "అంత పెద్ద పట్టిక పారేస్తుందా?"

"పెట్టడం సంగతి తర్వాత, టీచరుగారూ. నన్ను అడగనివ్వండి." లింకులమ్మ వైపు తిరిగాను. "నిన్న పదకొండూ నలభైకి ఎక్కడున్నారు?"

"పక్క బిల్డింగ్‌లో క్లాసు చెప్తున్నాను మేడం."

"పదకొండున్నర నుంచి ఇరవై నిమిషాలు టీకి వదిలారు. ఆ రిజిస్టరు ఇన్‌స్పెక్టర్ దగ్గరుంది. ఆ ఇరవై నిమిషాలూ ఎక్కడ?"

ఆమె అత్తగారి వైపు చూసింది.

"మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది, నాతో ఫోన్‌లో" అంది అత్తగారు. "పదకొండూ ముప్పై ఎనిమిదికి చేసింది. తొమ్మిది నిమిషాలు."

"ఫోన్‌లో మాట్లాడుతూ కూడా తుడిచెయ్యొచ్చంటాడు ఆ మహానుభావుడు."

"నాతో మాట్లాడుతూ ఇంకో పని చేస్తే నేను ఊరుకుంటానా? దాన్నే అడగండి."

కోడలు అవునన్నట్టు తలూపింది. కోర్టులో పనికిరాదు గానీ, నాకు మాత్రం సరిపోయింది.

"ఎందుకు ఏడ్చారు?"

కథ అప్పటికి బయటికి వచ్చింది. సోమవారం సాయంత్రం నాలుగూ పదికి ఎవరో కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్ వెబ్‌సైట్‌లో ఆ పట్టిక కింద ఒక మాట రాశాడు. మా వీధి బోరుకి మీరు మూడు అని వేశారు, మా ల్యాబులో అరవై నాలుగు వచ్చింది, ఒకసారి అసలు పుస్తకం చూస్తారా అని. ఆ మాట చూసి ఈమె పొంగిపోయింది. బయటి మనిషి ఒకడు చూసి అడగడం కోసమే కదా తను ఏడు నెలలు అందరి చేతా మాటలు పడింది. నాలుగున్నరకి పెద్ద సార్ గదికి పరిగెత్తి, ఆయన కంప్యూటర్‌లోనే తెరిచి చూపించి, పుస్తకం ఇమ్మని అడిగింది. నిన్నగాక మొన్న వచ్చి నా అంకెలకి వంకలు పెడతావా అని ఆయన పై అంతస్తు దద్దరిల్లేలా అరిచారు. ఈమె వచ్చేసింది. ఆ అరుపే గుర్తొచ్చి మర్నాడు టీ టైములో మెట్ల మీద ఏడ్చింది.

"ఆయన కంప్యూటర్‌లో ఎవరి లాగిన్‌తో తెరిచారు?"

ఆమె ముఖం చేతుల్లో దాచుకుంది. "నాదే."

"వచ్చేటప్పుడు మూశారా?"

"లేదు మేడం."

నాకు తల తిరిగిపోయింది. "ఈ మాట పొద్దున్న తొమ్మిదింటికి చెప్పి ఉంటే ఈపాటికి ఇంట్లో ఉండేవారు. ఎందుకు చెప్పలేదు?"

"లాగౌట్ చెయ్యండి, లాగౌట్ చెయ్యండి అని రోజూ అందరి ప్రాణం తీసేదాన్ని నేనే. ఆ ఒక్కటీ నేనే మర్చిపోయానని ఎలా చెప్పను?"

దీపం కింద చీకటంటే ఇదే. అరెస్టుకి సిద్ధపడింది గానీ నవ్వులపాలవడానికి సిద్ధపడలేదు. చదువుకున్నవాళ్లతో ఈ చావే వస్తుంది నాకు. డ్రైవర్లు నయం, అబద్ధం చెప్పినా తొందరగా చెప్తారు.

"సరే. తుడిచిన చోటు చూపించండి."

ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. తుడిచేసిన పట్టిక తాలూకు చరిత్రంతా అక్కడ వరుసగా ఉంది. ఎవరు, ఏ తేదీ, ఏ నిమిషం, ఏం మార్చారు.

"తుడిచాక కూడా ఉంటుందా ఇది?"

"ఇక్కడ తుడిస్తే పోదు మేడం. పైకి కనిపించదు, అంతే. పాతవన్నీ కిందే ఉంటాయి, ఎవరైనా తెరవచ్చు. నా నాలుగో క్లాసు మొత్తం దీని గురించే."

"మరి ఈ చివరి గడి ఏమిటి?"

"కారణం గడి. 'ఎందుకు మార్చారు?' అని అడుగుతుంది. ఖాళీగా వదిలితే మార్పు తీసుకోదు. ఒక్క వాక్యం రాయండి బాబూ అని బతిమాలతాను. వినరు. ఒకాయన ఓకే అని కొడతాడు, ఇంకొకాయన..." అని ఆగిపోయింది.

నేనూ ఆ గడే చూస్తున్నాను. లింకులమ్మ పేరు మీద రెండు వందల పద్నాలుగు మార్పులున్నాయి. ప్రతిదానికీ ఒక వాక్యం. 'పన్నెండో వరుసలో వీధి పేరు తప్పు పడింది, సరిచేశాను.' 'కొలత యూనిట్ రాయడం మర్చిపోయాం, చేర్చాను.' కామా చేర్చినా కారణం రాసింది మహాతల్లి. రెండు వందల పదిహేనోది నిన్న పదకొండూ నలభైది. పట్టిక మొత్తం తుడిచివేత. కారణం గడిలో ఉన్నది ఒక్క చుక్క.

"చుక్క ఎవరు పెడతారు?"

"ఖాళీ ఒప్పుకోదు కదా అని విసుక్కుని చుక్క పెట్టేది పెద్ద సార్ ఒక్కరే." వేలితో చూపించింది. ఆయన సొంత లాగిన్‌తో చేసినవి తొమ్మిది మార్పులు. తొమ్మిదింటికీ చుక్కే.

"నాలుగో క్లాసుకి వచ్చారా ఆయన?"

"మొదటి మూడే. నాలుగోనాడు తీరిక లేదన్నారు."

తుడిస్తే పోతుందని నమ్మే మనిషే ఇలా తుడుస్తాడు. నాలుగో క్లాసు చెప్పేది ఆ పని ఎందుకు చేస్తుంది? ఈ ఒక్క ప్రశ్న పోలీసులకి రాకపోవడం చూస్తే నాకు ఒళ్లు మండింది.

"పట్టిక తెరవండి. అంతగా దాచాల్సింది ఏముందో చూద్దాం."

తెరిచింది. ఒకటి నుంచి నూట ఎనభై వరకు బోర్లు, వీధుల పేర్లు, చివర ఆర్సెనిక్ అంకె. కిందికి చూసుకుంటూ పోయాను. ఒకటో బోరు 0.2. రెండోది 0.2. మూడోది 0.3. ఇరవై మూడోది 2. నూట పదహారోది 9.8. నూట పదిహేడోది 10.4. నూట ఎనభయ్యోది 140. ఒక్కచోటా కిందికి దిగలేదు. మేడ మెట్లలా ఎక్కుతూనే పోయాయి.

నేను ఇరవై రెండేళ్లు టైము షీట్లు చూసినదాన్ని. నిజంగా నడిచిన బస్సుల టైములు ఎగుడుదిగుడుగా ఉంటాయి. నున్నగా ఉన్న షీటు కనిపిస్తే ఆ డ్రైవర్ని పిలిపించేదాన్ని.

"ఈ బోర్ల నంబర్లు ఎలా వేశారు?"

"ఊరికి ఉత్తరాన మొదలుపెట్టి వీధి వెంట వీధి, దక్షిణం దాకా."

"అంటే ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంటే నేలలో విషం ఒక్కో బోరుకీ కాస్త కాస్త పెరుగుతూ పోయిందా, క్యూలో నిలబడి?"

అత్తగారు కళ్లజోడు పెట్టుకుని ముందుకి వంగింది. అర నిమిషం చూసి, "మార్కుల రిజిస్టరు" అంది.

"ఏమిటి అత్తయ్యా?"

"మా స్కూల్లో కొత్త టీచరు ఒకావిడ ఇదే చేసింది. పేర్ల గడి కదపకుండా మార్కుల గడి ఒక్కటీ చిన్న నుంచి పెద్దకి సర్దింది. ఒకరి మార్కులు ఇంకొకరికి పోయాయి. హాజరు పట్టీలో చివరివాడికి ఫస్టు వచ్చింది."

లింకులమ్మ అంకెల గడి మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరిపింది. ఆమె చెప్పేదాకా ఆగకుండానే నాకు అర్థమైంది. ఎక్కువ విషం ఎంతుందో చూద్దామని పెద్ద సార్ అంకెల గడి ఒక్కదాన్నే చిన్న నుంచి పెద్దకి సర్ది, అలాగే సేవ్ చేశారు. ఎనిమిది నెలల కిందట. రిపోర్టు అందులోంచే, రంగులు అందులోంచే. నూట పదహారు వరకు నీలం, ఆ పైన ఎరుపు. లింకులమ్మ ఎక్కించింది ఆయన ఇచ్చిన పట్టికనే.

మా ఇల్లు దక్షిణాన. మా బోరు ఎరుపు. ఎనిమిది నెలలుగా నేను ఉత్తరం వైపు నీలం బోరు దగ్గర్నుంచి వారానికి రెండు క్యాన్లు స్కూటర్ మీద మోసుకొస్తున్నాను.

నా నోటికొచ్చిన మాట ఇక్కడ రాయను. అత్తగారు వినీ విననట్టు ఊరుకుంది.

*

మూడూ యాభై ఎనిమిదికి డైరెక్టర్ ఆఫీసుకి వెళ్లాను. మంగళవారం పదకొండున్నరకి అక్కడ మీటింగులో ఉన్నానని పెద్ద సార్ వాంగ్మూలం. గుమాస్తా సంతకాల కాగితం ఇవ్వడానికి పదకొండు నిమిషాలు సతాయించాడు. నాలుగూ ఇరవైకి ఆ కాగితంతో తిరిగి పెద్ద సార్ గదిలో ఉన్నాను.

చుక్కల సంగతి, లాగిన్ సంగతి, మెట్లలా పేర్చిన అంకెల సంగతి చెప్పాను. ఇన్‌స్పెక్టర్ విని బాటిల్ ఎత్తి రెండు గుక్కలు తాగాడు.

"చుక్క ఆధారమా మేడం? జడ్జిగారి ముందు చుక్క పెట్టమంటారా?"

"తొమ్మిది చుక్కలు. పదోది పరాయి లాగిన్‌లో."

"చుక్క ఎవరైనా పెడతారు. మా స్టేషన్ రైటర్‌కి చుక్క తప్ప ఇంకేమీ పెట్టడం రాదు. అయినా సార్ ఆ టైముకి మీటింగులో ఉన్నారు."

కాగితం అతని ముందు పరిచాను. "వరుసలో చివరి సంతకం ఆయనది. పక్కన టైము పదకొండూ ముప్పై. దానిపైన సంతకం ఇంకొకాయనది. ఆయన వేసిన టైమెంత?"

"పదకొండూ యాభై రెండు."

"పదకొండున్నరకి వచ్చిన మనిషి యాభై రెండుకి వచ్చినాయన కింద సంతకం ఎలా పెట్టాడు? ఆలస్యంగా వచ్చిన ప్రతి డ్రైవరూ చేసే పనే ఇది. అంకె మార్చగలడు, వరుస మార్చలేడు."

పెద్ద సార్ కుర్చీలో సర్దుకున్నారు. "ఆలస్యంగా వెళ్లడం నేరమా?"

"కాదు సార్. ఈ గదిలోనే ఆగిపోయి ఆవిడ లాగిన్‌తో తుడవడం నేరం."

"మీరు బస్సులు లెక్కపెట్టుకునే మనిషి. సైన్సు మీకేం తెలుసు?" ఆయన గొంతు లేచింది. "నా అంకెలు తప్పని ఎవరు చెప్పగలరు? పుస్తకంతో పోల్చాలి. ఆ పుస్తకం ఇక దొరకదు."

"దొరకదని మీకెలా తెలుసు?"

ఇన్‌స్పెక్టర్ బాటిల్ మూత మీద చెయ్యి అలాగే ఉంచి ఆయన వంక చూశాడు. అతను మొండివాడే కానీ చెవిటివాడు కాదు.

"అంటే... వెతికించాను కదా. అందుకని" అన్నారు పెద్ద సార్.

"ఎక్కడ వెతికించారు? ఎవరి చేత?"

పెద్ద సార్ కళ్లద్దాలు మళ్లీ తుడుచుకున్నారు. ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు.

"మేడం, ఈయన మీద మీ అనుమానం మీరు రాసివ్వండి, చూస్తాను. కానీ సంతకం పెట్టిన ఫిర్యాదు నా చేతిలో ఉంది, తుడిచిన లాగిన్ ఆవిడది. అసలు కొలత ఒక్కటైనా చూపించండి, ఆగుతాను. లేకపోతే అయిదింటికి తీసుకెళ్తాను. రేపు దీన్ని పట్టుకుని నా పైవాళ్లు నన్ను తింటారు."

"కొలిచిన మనిషిని అడిగారా?"

"కొలిచింది సారే కదా."

"సార్ ఎండలో నూట ఎనభై బోర్లు తిరిగారా? ఆ బూట్లు చూడండి."

ఇద్దరం పెద్ద సార్ బూట్ల వంక చూశాం. అద్దంలా మెరుస్తున్నాయి. టైము నాలుగూ ముప్పై ఆరు.

*

నేల కింది అంతస్తులో నీళ్ల నమూనాల గది. దాని తాలూకు మనిషిని సీసాల బాబాయ్ అంటారు. ముప్పై ఏళ్లుగా బోర్ల నుంచి నీళ్లు పట్టడం, మిషన్‌లో పెట్టి కొలవడం ఆయన పని. ఇన్‌స్పెక్టర్‌నీ నన్నూ చూసి లేవలేదు. నా వెనకే వచ్చిన లింకులమ్మని చూసి ముఖం తిప్పుకున్నాడు.

"బాబాయ్ గారికి నా మీద కోపం" అంది లింకులమ్మ చిన్నగా. "సీసాల మీద చేత్తో రాయొద్దు, కంప్యూటర్ చీటీలు అంటిద్దాం అన్నాను."

"ఆరు నెలలైంది ఈమెతో మాటల్లేవు" అన్నాడాయన నాతో, ఆమె అక్కడ లేనట్టు. "క్లాసుకి రమ్మంది. వెబ్‌సైటంట. నా సీసాలే నా వెబ్‌సైటు. తలుపుకి తాళం వెయ్యను. ఎవరైనా రావచ్చు, చూడొచ్చు. ముప్పై ఏళ్లలో ఒక్కడూ దిగి రాలేదు."

"బోర్ల కొలతల పుస్తకం ఎక్కడ బాబాయ్?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"కొలత అవగానే పైకి పంపాను. సోమవారం సాయంత్రం పెద్ద సార్ ఫోన్ చేసి, ఇంకో కాపీ ఏమైనా ఉందా అని అడిగారు. పుస్తకానికి కాపీ లేదన్నాను."

"ఈ మాట ఎవరికైనా చెప్పారా?"

"ఎవరడిగారు నన్ను?"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. పోలీసులు రెండ్రోజులు, నేను ఒక పూట, లింకులమ్మ ఏడు నెలలు పై అంతస్తుల్లోనే తిరిగాం. మెట్లు దిగి ఈ మనిషిని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. అందులో నా వంతు నాకుంది.

"పుస్తకానికి కాపీ లేదన్నారు. మరి దేనికుంది?" అన్నాను.

బాబాయ్ మొదటిసారి నన్ను మనిషిలా చూశాడు. లేచి లోపలి గది లైటు వేశాడు. గోడ పొడుగునా అరలు, అరల నిండా ప్లాస్టిక్ సీసాలు, ఒకటి నుంచి నూట ఎనభై వరకు. ప్రతి సీసాకీ పక్కన బోరు నంబరు, మూత మీద మైనపు పెన్సిల్‌తో ఎర్రగా ఒక అంకె.

"మూత మీదది ఏమిటి?"

"కొలత. మిషన్ చెప్పగానే మొదట మూత మీద రాస్తాను, తర్వాత పుస్తకంలో. పుస్తకాలు పైకి పోతాయి. పైకి పోయినవి తిరిగిరావు."

ఆరు నెలల కిందట ఆ మూతలు తుడిచి చీటీలు అంటించమని చెప్పింది లింకులమ్మే. ఆయన ఆమె మాట విననందుకు నేను మనసులో దండం పెట్టుకున్నాను.

"ఒకటో బోరు?" అన్నాను.

"డెబ్బై ఒకటి" అన్నాడు బాబాయ్, మూత చూసి.

లింకులమ్మ ల్యాప్‌టాప్ వంక చూసింది. "మన పట్టికలో 0.2."

"రెండో బోరు?"

"మూడు."

"0.2."

"మూడో బోరు?"

"నలభై."

"0.3" అంది. "ఈ మూడు బోర్లూ నీలం రంగువే మేడం. పెద్ద సార్ సోమవారమే గ్రహించారు. గ్రహించి కూడా..."

కొత్త నీళ్ల క్యాను నాకు అప్పుడు గుర్తొచ్చింది. సోమవారం తర్వాత ఆయన బోరు నీళ్లు మానేశారు. ఎదురుగా కూర్చుని ఇన్‌స్పెక్టర్ బాటిల్ ఎత్తి తాగుతుంటే చూస్తూ ఊరుకున్నారు. అంకెలు తర్వాత చల్లగా సర్దుకోవచ్చు, పేరు పోతే రాదనుకున్నారు కాబోలు.

ఆ మాట పైకి అనబోయి ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాను. అతను నా మాట వినే స్థితిలో లేడు. అరల వెంట ఒక్కో సీసా చూసుకుంటూ నడుస్తున్నాడు. రెండో అర మధ్యలో ఆగిపోయాడు. చెయ్యి చాచి, ముట్టుకోకుండా వెనక్కి తీసుకున్నాడు.

"బాబాయ్, నాకు కళ్లజోడు లేదు. ఇరవై మూడు ఎంత?"

ఇన్‌స్పెక్టర్ కళ్లజోడు అతని జేబులోనే ఉంది. నాకు కనిపిస్తూనే ఉంది. నేనేమీ అనలేదు.

బాబాయ్ సీసా తీసి లైటు కిందికి తెచ్చాడు. "ఎనభై ఎనిమిది."

ఇన్‌స్పెక్టర్ చంకలో ఉన్న స్టీలు బాటిల్ తీసి బల్ల మీద పెట్టాడు, నిండు గిన్నె పెట్టినంత నెమ్మదిగా. ఫోన్ తీసి ఇంటికి చేశాడు. చాలాసేపు మోగింది.

"ఏమే, పాపకి పాలు పట్టారా?"

అవతలి గొంతు ఆ చిన్న గదిలో మాకందరికీ వినబడింది. "ఇప్పుడే పట్టి పడుకోబెట్టింది అమ్మాయి. ఏమండీ, ఎందుకు?"

"ఇంక కలపొద్దు. ఆ నీళ్లు ఎవరూ తాగొద్దు. నువ్వూ వద్దు, అమ్మాయీ వద్దు. పాపని లేపి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, నేను వస్తున్నాను." ఆవిడ ఏదో అడుగుతుండగానే ఫోన్ పెట్టేశాడు. ఆ పెద్ద మనిషిని అలా చూడటం నాకు ఏమాత్రం సంతోషంగా లేదు. రెండు కేసుల పగ ఎటు పోయిందో తెలియదు.

పైన ఎక్కడో అయిదు గంటల బెల్లు మోగింది. లింకులమ్మ లేచి నిలబడింది, అరెస్టు చేస్తాడేమోనని.

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి ఫిర్యాదు కాగితం తీశాడు. మడత విప్పి, తిరగేసి, ఖాళీ వైపు పైకి పెట్టి కలం తీశాడు.

"బాబాయ్, ఒకటి నుంచీ చదవండి. నేను రాసుకుని స్టేషన్‌కి పంపుతాను, నీలం బోర్లన్నీ మూయించాలి. అమ్మా, మీరు వెబ్‌సైట్‌లో ఎక్కించండి. జనం అక్కడ చూస్తారు కదా?"

"చూస్తారు సార్" అంది లింకులమ్మ. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, తుడిచేసిన పట్టికని మళ్లీ పైకి తెచ్చి, మొదటి గడిలో 0.2 తీసి 71 కొట్టింది. కింద ఆ పాత గడి తెరుచుకుంది. ఎందుకు మార్చారు?

రెండు వందల పద్నాలుగు సార్లు తడుముకోకుండా కారణం రాసిన మనిషి వేళ్లు మీటల మీద అలాగే ఆగిపోయాయి. "ఏం రాయను మేడం?" అని నన్ను అడిగింది.

జవాబు ఇన్‌స్పెక్టర్ చెప్పాడు, కాగితం మీంచి తలెత్తకుండా.

"మా పాప తాగుతోంది. అదే రాయండి."

ఆమె అదే రాసింది. బాబాయ్ రెండో మూత చదివాడు.